గుర్రం ఎక్కడానికి పోతే దిగి నడవమన్నాడు: పిల్లల్తో రెండు రోజుల పోనీ ట్రెయిల్, జమ్మలమడుగు సైడు

ముందే చెప్తాండా, ఇది పొడుగు రివ్యూ. ఓపిక లేనోళ్ళకి రెండు ముక్కల్లో చెప్పాలంటే, పిల్లకి ఆరేడేండ్లు నిండింటే నిశ్చింతగా పోవచ్చు, ఇచ్చిన డబ్బుకి న్యాయం జరుగుతుంది, బాత్రూం మాత్రం దేవుడే దిక్కు. మిగతాది తీరిగ్గా కాఫీ పెట్టుకుని చదువుకోండి.

ఈ గుర్రాల రైడ్లు నడిపే ఆయన పేరు ఎందుకు రాయలేదని అడగొద్దండి. ఆయనే వద్దన్నాడు. "మా తావ ఉండేవి నాలుగే తట్లు (పొట్టి గుర్రాలు) మేడం, మీరు పేరు ఏసినారంటే ఫోన్లు ఎక్కువైతాయి, మా వోడు కాదనలేక అందరికీ సరే అంటాడు, ఆ పైన గుర్రాలకి రెస్టు ఉండదు" అన్నాడు. ఐదు స్టార్లు ఇయ్యండి మేడం అని వెంటపడే ఓనర్లనే చూసినా ఇంతకాలం, రాయొద్దనే మనిషిని చూడ్డం ఇదే మొదలు. మా పిల్లోళ్ళు తాత అని పిలిచినారు కాబట్టి నేనూ తాత అనే రాస్తా. ఊరు జమ్మలమడుగు దాటినాక పెన్న వైపు ఉంటుంది, అంతవరకే.

మాది కడప. పాప రెండో క్లాసు, ఏడేండ్లు నిండినాయి. చిన్నోడికి నాలుగున్నర. పాపకి గుర్రాలంటే పిచ్చి, పెళ్ళి ఊరేగింపు కనపడితే చాలు పెండ్లికొడుకుని కాదు గుర్రాన్ని చూస్తది. పోయినేడు ఒక ఎగ్జిబిషన్‌లో యాభై రూపాయలిచ్చి రెండు రౌండ్లు ఎక్కించినాం, ఏ ఊర్లో అనేది వదిలేయండి. దిగేటప్పుడు గుడ్డ పక్కకి జరిగితే దాని వీపు మీద రూపాయి బిళ్ళంత పుండు, ఈగలు ముసురుతాండాయి. పాప ఆ రాత్రి అన్నం తినలే. నేనెక్కినందుకే అయిందా అమ్మా అని ఒకటే అడగడం, నా తావ జవాబు లేదు. అప్పట్నుంచి గుర్రం మాటెత్తితే నేనే టాపిక్ మార్చేదాన్ని.

ఆఫీసులో ఒకావిడ వాళ్ళ పిల్లోన్ని తీసకపోయి వచ్చి ఈ నంబరు ఇచ్చింది. ఫోన్ చేస్తే రేటు సంగతి తర్వాత చెప్తా గాని పాప బరువెంత, ఎత్తెంత, మధ్యాన్నం పండుకునే అలవాటుందా, కుక్కలకి భయపడతాదా, ఎక్కువ సేపు బండిలో పోతే ఏం చేస్తది, ఇవన్నీ అడిగినాడు. స్కూల్ అడ్మిషన్‌కి కూడా ఇన్ని అడగలే. చిన్నోని గురించి చెప్తే, తీసకరాండి, గుర్రాల కాడ ఉంటాడు, లాంగ్ రైడుకి మాత్రం వాని కాళ్ళు రికాబులకి, అంటే జీను పక్కన పాదాలు పెట్టుకునే కడియాలకి, అందవు, ఎక్కించను అని అప్పుడే తేల్చి చెప్పినాడు. పోయినాక చూద్దాం లే, బతిమాలితే ఎక్కిస్తాడు అనుకున్నా. ఎక్కించలే.

మా అత్తకి చెప్తే పోనీ రైడ్ అంటే ఏందమ్మా, ఎటు పోతే అటు పోనీయడమేనా అనింది. నవ్వుకున్నాం గాని నిజానికి చాలా చోట్ల జరిగేది అదే.

డిసెంబరు రెండో శనివారం మబ్బుతోనే లేచి బయల్దేరినాం, ప్రొద్దుటూర్లో ఆగి కారం దోసె తిని ఎనిమిదిన్నరకల్లా చేరుకున్నాం. దావ చివరి రెండు కిలోమీటర్లు మట్టిరోడ్డు, చిన్న కారు పోతాది గాని అడుగు తగుల్తాది. అక్కడ రేకుల షెడ్డు, వేపచెట్టు, నీళ్ళ తొట్టి, నాలుగు తట్లు. బోర్డు లేదు, సెల్ఫీ పాయింట్ లేదు.

తాత వాళ్ళ నాయన ప్రొద్దుటూర్లో జట్కా తోలేవాడంట. ఆటోలు వచ్చినాక జట్కా బండ్లు పోయినాయి, బండి అమ్మేసినారు గాని గుర్రాలని వదల్లేక పెండ్లిండ్లకి తిప్పినారంట కొన్నేండ్లు. డీజే సౌండుకి గుర్రం బెదిరి ఒకసారి జనాల్లోకి దూకింది, ఆ రోజుతో ఆ పని మానేసినా అన్నాడు. ఇప్పుడు ఈ పిల్లల రైడ్లు. కొడుకు వాట్సాప్ చూసుకుంటాడు, మనవడు పదహారేండ్లోడు తాడు పట్టుకుని నడుస్తాడు.

పోనీ అంటే గుర్రప్పిల్ల అనుకునేదాన్ని నేను. కాదంట. పెరిగి పెద్దదైనా ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు దాటకుంటే అది పోనీ, ఎత్తు కొలిచేది కూడా తల కాడ కాదు, మెడ అయిపోయి వీపు మొదలయ్యే చోట. ఈయన తట్లు నాలుగడుగులే. మా పాప ఎక్కింది బెల్లం, పేరుకి తగ్గట్టు రంగు, పద్నాలుగేండ్లది. ముసలిదాన్ని ఇచ్చినారేంది అని మా ఆయన గొణిగినాడు. పసిపిల్లకి పసి గుర్రాన్నిస్తే ఇద్దరికీ ఏం తెలీదు సార్, ఒకరికన్నా బుద్ధి ఉండాల కదా అన్నాడు తాత. ఆ మాటకి మా ఆయన మూసుకున్నాడు.

మా ఆయనకి ఇంకోటి కూడా పడింది. నేనూ ఒక రౌండు ఎక్కుతా, ఎంతైనా ఇస్తా అన్నాడు. తాత పైనుంచి కింది దాకా చూసి ఎంతుంటారు అన్నాడు. ఎనభై రెండు. "ఈ తట్టు రెండొందల కిలోలుంటది సార్, దాంట్లో ఐదో వంతు మోస్తది, అంటే నలభై, అది కూడా జీనుతో కలిపి. మీరు రెండు తట్ల మీద చెరో కాలు పెట్టినా చాలదు." పాప బరువు ఇరవై రెండు, జీను ఏడెనిమిది, సరిపోయింది. ఈ లెక్క నాకు నచ్చింది, ఇంటికొచ్చి చదివితే బయట దేశాల్లో కూడా ఇదే ఐదో వంతు లెక్క వాడతారు. మన టూరిస్ట్ స్పాట్లలో ఇద్దరిద్దరు పెద్దోళ్ళని ఒకే తట్టు మీద ఎక్కించేది మీరు చూసే ఉంటారు.

ఇప్పుడు అసలు సంగతి. మొదటి రోజు మధ్యాన్నం వరకూ గుర్రం ఎక్కించలే!

పొద్దున తొమ్మిదింటి నుంచి పాప చేత బ్రష్ పట్టించినాడు. ముందు భుజం పక్క నుంచి మాట్లాడుకుంటా పోవాల, ఎందుకంటే గుర్రానికి చుట్టూ దాదాపు అంతా కనపడతాది గాని సరిగ్గా ముక్కు ముందర, తోక వెనక కనపడదు, అక్కడ చప్పుడైతే భయపడి తంతాది. వెనక పోవాల్సి వస్తే దాని ఒంటి మీద చెయ్యి ఆనించి మాట్లాడతా పోవాల. వీపు మీద జీను వచ్చే చోట అరచేత్తో నిమిరి పల్లేరు కాయ, ఎండిన మట్టి, చెమట గడ్డ ఏమన్నా తగుల్తాండాయా చూడాల. ఇది పాప చేతే మూడు సార్లు చేయించినాడు. ఆ పుండు సంగతి నేను ఆయనకి చెప్పలే, పాపే చెప్పింది. చిన్న మట్టిపెళ్ళ చాలు బిడ్డా, జీను కింద పడి నాలుగు మైళ్ళు రాసుకుంటే అంత పుండైతది, నువ్వు ఎక్కినందుక్కాదు, ఎవరూ చూడనందుకు అన్నాడు. ఏడాది నుంచి నా తావ లేని జవాబు అది.

తర్వాత గిట్టలు. గిట్ట ఎత్తి కొక్కెం లాంటిది పెట్టి లోపల రాళ్ళు గీకడం. గిట్ట అడుగున మూడు మూలల మెత్తని భాగం ఒకటి ఉంటుంది, ఇంగ్లీషులో దాన్ని ఫ్రాగ్ అంటారంట, పాపకి అది చెప్పినప్పట్నుంచి కప్పకి దెబ్బ తగల్లేదు కదా తాతా అని ప్రతి గిట్టకీ అడిగింది. మా ఆయన ఫోన్ చూసుకుంటా గుర్రం కాళ్ళు కడగడానికి మూడువేల ఐదొందలా అన్నాడు. అబద్ధమెందుకు, నేనూ లోపల అదే అనుకుంటాండా. పదకొండున్నరకి దాణా, ఉలవలు ఉడికించి తౌడు కలిపి పెట్టినారు. చిన్నోడు మన ఉలవచారు ఉలవలేనా అన్నాడు. అవే నాయనా, గింజ దానికి, చారు మనకి. వాడు జేబులోంచి కుర్కురే తీసి పెట్టబోతే మనవడు చెయ్యి పట్టుకున్నాడు. గుర్రం కక్కలేదంట! తినకూడనిది లోపలికి పోతే మనలాగ వాంతి చేసుకునే దారే లేదు, కడుపునొప్పొచ్చి ప్రాణాల మీదికి వస్తది. నాకు నలభై ఏండ్లొచ్చినాయి, ఇది ఇప్పుడే తెలిసింది. బెల్లం ముక్క మాత్రం అరచెయ్యి చాచి, వేళ్ళు ముడవకుండా, ఒక్కటి పెట్టనిచ్చినాడు. బెల్లంకి బెల్లం అని మా వోడు రోజంతా అదే పాట.

హెల్మెట్ గురించి రోంత చెప్పాల. మేం పాప సైకిల్ హెల్మెట్ తీసకపోయినాం. పనికిరాదన్నాడు. గుర్రం మీంచి పడితే వెనక్కో పక్కకో కూడా పడొచ్చు, స్వారీ హెల్మెట్ తల వెనక కిందికి దిగి ఉంటాది, సైకిల్‌ది ఉండదు. ఆయన తావ పిల్లల సైజు స్వారీ హెల్మెట్లు మూడుండాయి, లోపల సర్టిఫికేషన్ మార్కు చూసినా, ఉంది. హెల్మెట్ పట్టుకుని ఊపితే దాంతో పాటు కనుబొమ్మలు కదలాల, అప్పుడు టైట్ సరిపోయినట్టు. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాల, అంతే. ఒకసారి గట్టిగా కింద పడిన హెల్మెట్ బయటికి బాగున్నా వాడనంటాడు, అట్లాంటిది ఒకటి కోళ్ళకి గింజలు పోసేదానికి పెట్టుకున్నాడు. క్రాక్స్ వేసుకుని వచ్చే పిల్లలు జాగ్రత్త, వెనక్కి పంపుతాడు. కొద్దిగా మడమ ఉండే మూసిన షూస్ కావాల, లేకుంటే కాలు రికాబులో నుంచి అవతలికి జారి ఇరుక్కుంటది, పడినప్పుడు గుర్రం ఈడ్చకపోతది. ఈయన పిల్లల రికాబులకి ఒక పక్క ఇనుము బదులు రబ్బరు ఉంది, కాలు ఇరుక్కుంటే ఊడి వస్తది. ఇది చూసినాక నాకు సగం భయం పోయింది.

మా అత్త ఫోన్లో బిడ్డని తువ్వాలుతో జీనుకి కట్టేయమని చెప్పమ్మా అనింది, స్పీకర్లో ఉంది. తాత వినేసినాడు. కడితే గుర్రంతో పాటే పడతది పెద్దమ్మా, కట్టకుంటే పడినా లేస్తది అన్నాడు. అవతల కాసేపు ఏం మాట లేదు. తర్వాత సరే నాయనా నీకు తెలిసింది చెయ్యి అనింది. మా అత్త నోట్లోంచి ఆ మాట రావడం పెండ్లయి పదకొండేండ్లలో నేనెప్పుడూ వినలే.

సాయంత్రం మూడు కిలోమీటర్లు. మనవడు తాడు పట్టుకుని ముందర, తాత పక్కన, మేం వెనక. కళ్ళెం పిల్ల చేతికి ఇయ్యలే, జీను ముందరి తోలు పట్టీ పట్టుకోమన్నాడు. బ్యాలెన్స్ కోసం పగ్గాలు పట్టుకుని ఏలాడితే గుర్రం నోరు కోసుకపోతది, నడుం నిలబడినాకే పగ్గాలు. మడమలు కిందికి, కండ్లు చెవుల మధ్యలోంచి దూరంగా. పాప మొదటి పది నిమిషాలు బిగుసుకుపోయింది, ఊపిరి కూడా బిగబట్టింది. ఎన్నో ఎక్కం వచ్చు నీకు అన్నాడు తాత. ఆరో ఎక్కం. చెప్పు. గుర్రం ఎక్కి ఎక్కం చెప్తా పోయింది, ఆరార్లు ముప్ఫై ఆరు దగ్గరికి వచ్చేసరికి భుజాలు దిగినాయి. మాట్లాడితే ఊపిరి ఆడతది, ఊపిరి ఆడితే ఒళ్ళు వదులైతది, గుర్రానికి అది వీపు మీద తెలుస్తదంట. ట్యూషన్ ఫీజు కూడా దీంట్లోనే కలిపినారు అన్నాడు మా ఆయన, అప్పటికి ఆయన కూడా రోంత మెత్తబడినాడు.

రాత్రి సంగటి, నాటుకోడి పులుసు, శెనగ్గింజల చట్నీ. దీని గురించి రాస్తే ఇంకో రివ్యూ అయితది, తాత కోడలికి దండం పెట్టొచ్చు. కారం మాత్రం కారమే, పిల్లోళ్ళకి పప్పు ముందే చెప్పి చేయించుకోండి. పండుకునేది టెంటులో, చాపలు వాళ్ళిస్తారు, దుప్పట్లు మనవే తీసకపోవాల, డిసెంబరు చలి ఆ బయలు మీద మామూలుగా ఉండదు. పదింటప్పుడు పాప టార్చి తీసుకుని పోయి చూసి వచ్చింది, అమ్మా బెల్లం నిలబడే నిద్రపోతాంది అని. కాళ్ళ కీళ్ళు తాళం వేసినట్టు బిగించుకుని నిలబడి పండుకుంటాయంట, గాఢనిద్రకి మాత్రం కాసేపన్నా పడుకోవాల్సిందే.

రెండో రోజు. ఇదే పేచీ వచ్చిన రోజు.

మాకు చెప్పింది పది కిలోమీటర్లు, గండికోట కింది వరకూ. పాప స్కూల్లో గుర్రం మీద కోటకి పోతాండా అని టాంటాం చేసేసింది. ఆరున్నరకి అన్నది ఏడుంబావుకి బయల్దేరినాం, జీను పట్టీ కుట్టు ఊడితే మళ్ళీ కుడతా కూచున్నారు. రాత్రే చూసుకోవాల కదా ఇది? దీనికి ఒక స్టార్ కట్.

దావ మాత్రం ఏం చెప్పాల. బండ్లబాట, రెండు పక్కలా నల్లరేగడిలో శెనగ చేను మోకాలెత్తు పచ్చగా, మంచు పట్టి. దూరంగా ఎర్రమల కొండలు. ఒక చోట నాపరాతి బండలు దావకి అడ్డంగా పరుచుకుని ఉంటే అందర్నీ దించినాడు. లాడం వేసిన గిట్ట నున్నటి బండ మీద జారతది, తడి ఉంటే ఇంకా. పాప దిగి తాడు పట్టుకుని బెల్లంని తనే నడిపించుకుని పోయింది. ఆ తర్వాత వంకలోకి దిగుడు వచ్చినప్పుడు మళ్ళీ దిగమన్నాడు. దిగుడులో బరువంతా గుర్రం ముందరి కాళ్ళ మీద పడతది, దూరం పోయేటోళ్ళు దిగుడు వస్తే దిగి నడుస్తారు, అది పద్ధతి అన్నాడు. మొదటి గంటలో పాప ఎక్కింది ఎంతసేపో నడిచింది అంతసేపు. డబ్బులిచ్చి ట్రెక్కింగ్ చేస్తాండాం అన్నాడు మా ఆయన. కంపచెట్లు దావలోకి వంగిన చోట మనవడు ముందే పోయి కొమ్మలు పట్టుకున్నాడు, ఒక పల్లె దగ్గర కుక్కలు ఐదారు వచ్చినాయి, బెల్లం చెవి కూడా కదపలే, నేనే కేక పెట్టినా.

నలభై నిమిషాలకోసారి ఆపుడు. నీళ్ళు ముందు గుర్రానికి, తర్వాత పిల్లకి, తర్వాత మనకి. ఆపినప్పుడల్లా తాత దవడ ఎముక కింద వేళ్ళు పెట్టి, మనవని ఫోన్లో టైం చూసుకుంటా నాడి లెక్కపెడతాడు. ఊరికే ఉన్నప్పుడు గుర్రం నాడి నిమిషానికి ముప్ఫై నుంచి నలభై మధ్యలో, అంటే మనకంటే తక్కువ. నడిస్తే పెరుగుతుంది, రెస్ట్ ఇస్తే ఎంత బిన్నా దిగుతాది అనేదే చూసుకోవాల. మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే టక్కున అతుక్కోవాల, నిదానంగా పోతే నీళ్ళు తక్కువైనట్టు. ఇంటికొచ్చి వెతికితే ఇది ఈయన సొంత వైద్యం కాదు. కాలిఫోర్నియాలో టెవిస్ కప్ అని 1955లో మొదలైన పందెం ఒకటుంది, కొండల్లో ఒక్క రోజులో 160 కిలోమీటర్లు గుర్రం మీద, దాంట్లో మధ్య మధ్యలో డాక్టర్లు ఆపి నాడి చూసి, కుంటుతాందేమో చూసి, ఫిట్‌గా ఉంటేనే ముందుకి వదుల్తారు. ఇట్లాంటి రైడ్లలో చాలాచోట్ల నాడి 64 కిందికి దిగాల అనేది లెక్క. మా పాప ఏడు కిలోమీటర్ల రైడుకి కూడా అదే పరీక్ష.

అవును, ఏడే. పదికి ఇంకో మూడుండగా చింతచెట్టు కింద ఆపి, చాలు, ఇంగ కారు పిలిపించండి అన్నాడు.

నాకు కోపమొచ్చింది. గుర్రం బాగుంది, నాడి 44 అని తనే చెప్పినాడు. పాప నేను పోతా నేను పోతా అని ఏడుపు. మా ఆయన మూడు కిలోమీటర్ల డబ్బు వాపసు ఇస్తారా అని మొదలుపెట్టినాడు. తాత మాట్లాడకుండా నన్ను వెనక్కి తీసకపోయి జీను చూపించినాడు. ఎడమ పక్కకి ఒరిగి ఉంది, అరంగుళం ఉంటుందేమో. "గుర్రం అలిసిపోలే మేడం, పాప అలిసిపోయింది. అరగంట నుంచి మాట లేదు, మడమలు పైకి లేసినాయి, ఒక పక్కకే కూచుంటాంది. తను అలిసింది తనకి తెలీదు, ఇష్టం కదా. ఇట్లే ఇంకో గంట పోతే పాపకి ఏం కాదు, రాత్రి పండుకుంటే తగ్గిపోతది. దీని వీపు చూడండి." జీను ఎత్తి చూపించినాడు. అంతా చెమట తడి, ఎడమ పక్క ఒక చోట మాత్రం అరచెయ్యంత పొడిగా ఉంది. అక్కడ ఎక్కువ ఒత్తుకుని చెమట కూడా రాలేదంట. అక్కడే పుండు మొదలయ్యేది.

పాపని పిలిచి ఆ పొడి మచ్చ మీద దాని చెయ్యి పెట్టించినాడు, ఏం చెప్పలే. పాప ఏడుపు ఆపి, తాతా నేను నడుస్తా అనింది. ఆ చింతచెట్టు నుంచి కారు వచ్చే రోడ్డు దాకా కిలోమీటరు తాడు పట్టుకుని నడిచింది. నాకు అప్పుడు నోట మాట రాలే, మా ఆయన డబ్బు సంగతి మళ్ళీ ఎత్తలే. ఎత్తకముందే తాత ఐదొందలు వెనక్కి ఇచ్చినాడు, తీసుకున్నాం కూడా, సిగ్గెందుకు చెప్పుకోడానికి.

కోటకి కార్లోనే పోయినాం. ధాన్యాగారం, జుమ్మా మసీదు, రంగనాథుని గుడి, పెన్న లోయ, అన్నీ చూసినాం, ఆదివారం జనం. పాప లోయ చూసి బాగుంది అని, ఇంత పైకి గుర్రాలు ఎట్ల ఎక్కినాయి అమ్మా, దిగి నడిచినారా అనింది. నాకు ఇంగ్లీషోళ్ళ కాలం నాటి థామస్ మన్రో గుర్తొచ్చినాడు. 1800 నుంచి 1807 వరకూ మన సీమలో చాలా భాగానికి కలెక్టరు, గుర్రం మీద ఊరూరూ తిరిగి, డేరాల్లో పండుకుని భూములు కొలిపించినోడు, తర్వాత మద్రాసు గవర్నరై 1827లో మళ్ళీ ఈ పక్క టూరుకి వచ్చి పత్తికొండ కాడ కలరాతో పోయినాడు. ఆయన రోజుకి ఎంత దూరం పోయేవాడో, దిగుడొస్తే దిగేవాడో లేదో.

ఇంగ తిట్లు. బాత్రూం ఒకటే, గడియ సరిగ్గా పడదు, నేను లోపల ఉన్నంతసేపు పాపని కాపలా పెట్టినా. ఫస్ట్ ఎయిడ్ డబ్బా అడిగితే తెచ్చినారు, దాంట్లో ఆయింట్‌మెంట్ డేట్ అయిపోయి ఉంది. గుర్రం మందుల డబ్బా మాత్రం ఫుల్లుగా ఉంది, టెటనస్ సూదుల రాత కూడా నోట్‌బుక్కులో ఉంది, మనుషుల డబ్బా గతి అట్లుంది! చెప్తే కొడుకు తల గోక్కున్నాడు. రెండో రోజు మధ్యలో నెట్‌వర్క్ పోయింది, ఏదన్నా అయితే కారు పిలవడానికి ఇంకొక మనిషి బైకులో వెనక రావాల, రాలే. ఇది చిన్న విషయం కాదు, పిల్లల్తో పోయేటప్పుడు గట్టిగా అడగండి. రసీదు లేదు, ఫోన్‌పే చేస్తే అదే రసీదు. వాట్సాప్‌లో మెసేజ్ పెడితే రెండు రోజులకి జవాబు.

ఎండాకాలం చేయరు, ఫిబ్రవరితో సరి. మార్చి దాటితే మన ఎండకి మనుషులే నడవలేరు, తట్టు రోజుకి ఇరవై లీటర్ల పైనే తాగుతుంది, దావలో యాడ తెస్తాం అన్నాడు. వాన పడిన మర్నాడు కూడా రద్దు, రేగడి గిట్టలకి అంటుకుని అడుగేయలేవు. కాబట్టి బుక్ చేసుకునే ముందు డబ్బు వాపసు సంగతి మాట్లాడుకోండి, మాకైతే అడ్వాన్స్ వెయ్యే తీసుకున్నాడు. మొత్తం పిల్లకి 3,500, పెద్దోళ్ళకి తిండికి తలకి 600, చిన్నోనికి ఏం తీసుకోలే. జీన్స్ ప్యాంటు వేయొద్దు, లోపలి కుట్టు తొడలు ఒరిపిస్తది, లెగ్గింగ్స్ బెస్ట్. పాపకి రెండు రోజులు కొబ్బరినూనె రాసినా, మెట్లు దిగేటప్పుడు బాతులాగ నడిచింది. ఇంగ మా పాపని నాలుగు సార్లు ఇట్లా పొట్టి రైడ్లు అయినాకే పదికి తీసకపోతాడంట, పగ్గాలు అప్పుడే చేతికిస్తాడు. కంటిన్యూగా ఏడాది వచ్చిన పిల్లోడొకడు పోయిన నెల రెండు రోజుల్లో ముప్ఫై కిలోమీటర్లు చేసినాడని మనవడు చెప్పినాడు, వాని ఫొటో అడిగితే గుర్రం ఫొటో చూపించినాడు.

మాకు జనవరి మూడో వారం దొరికింది, సంక్రాంతి అయినాక. చిన్నోడు నేనూ అంటాండాడు. తాత వానికి వయసు చెప్పలే, షెడ్డు గుంజ మీద బొగ్గుతో ఒక గీత గీసి, నీ తొడ దీని దాకా వస్తే ఎక్కిస్తా అన్నాడు. ఆ గీత ఎత్తు మా ఆయన టేపుతో కొలుచుకుని వచ్చి మా ఫ్రిజ్ మీద గీసినాడు. రోజూ పొద్దున పాలు తాగి పోయి దాని పక్కన నిలబడతాడు, ఇంకో నాలుగు వేళ్ళుండాది.